జింకు రేకు మీద రంగు

జమ్మలమడుగు దాటి ముద్దనూరు రోడ్డెక్కగానే ఎడమ పక్క హజరాబీ పరుపుల షెడ్డు. మొగుడు పోయినాక ఆమె ఎవరి మీదా ఆనుకోకుండా నడుపుకొచ్చింది. లోపల దూదేకే మిషను, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కుట్టే పరుపులు, గోడల వెంట దూది మూటలు. పైన ఆయన కాలంలో వేసిన జింకు రేకులు. ఆ రోడ్డు మీద పగలూ రాత్రీ సిమెంటు లారీలు తిరుగుతాయి. వాటి దుమ్ము రేకుల మీద పడి, తెల్లవారుజాము మంచుకు తడిసి, ఎండకు గట్టిపడి, ఏళ్ల తరబడి బూడిదరంగు పొరలాగా పేరుకుపోయింది. రేకుల్ని బిగించిన మేకుల చుట్టూ తుప్పు పట్టి, వానొస్తే అక్కడక్కడా కారేది.

ఆమె ఒక్కగానొక్క కూతురు ఫాయిజా. అల్లుడు ఇలియాస్. ఈ అల్లుడంటే హజరాబీకి మొదటినుంచీ గిట్టదు. తన అన్న అలీ అహ్మద్ కొడుక్కి పిల్లనిద్దామనుకుంటే, ఫాయిజా పట్టుబట్టి ఇతన్ని చేసుకుంది. పెళ్లయిన కొన్నాళ్లకే అతను సౌదీ పోయినాడు. జుబైల్‌లో ఆయిలు ట్యాంకులకు రంగులు వేసే కంపెనీలో పనిచేసి, కంపెనీ మనుషుల్ని తగ్గించినప్పుడు తిరిగొచ్చి అత్తగారింట్లో మకాం పెట్టినాడు. వచ్చినప్పటినుంచీ ఏది చూసినా ఒకటే మాట.

"జుబైల్లో ఇట్ల చేస్తే తెల్లారి పనిలోంచి తీసేస్తారు."

"అందుకేనేమో వచ్చేసినావు," అనేది హజరాబీ.

మే నెలలో, వానలు రాకముందే రేకులకు రంగేస్తానని ఇలియాస్ అన్నాడు. తెల్ల రంగు వేస్తే లోపల వేడీ తగ్గుతాది, తుప్పూ ఆగుతాది, కారేదీ ఆగుతాది అని చెప్పినాడు. ఎందుకో ఆమె ఒప్పుకుంది. అయితే అతను రేకుల్ని ముందు బాగా రుద్ది కడగాలన్నప్పుడు మాత్రం విరుచుకుపడింది.

"తాగేదానికే ట్యాంకరు ఎప్పుడొస్తాదో అని బిందెలు రోడ్డు మీద పెట్టుకొని కూర్చుంటాండాం. నువ్వు రేకులకు స్నానం చేపిస్తావా? పొరక తీసుకొని ఊడ్చుపో."

"దుమ్ము మీద రంగు వేస్తే నిలబడదు అత్తా."

"మరి అంతంత ట్యాంకులకు రంగులు వేసినోడివి, ఈ నాలుగు రేకులకు వేయలేవా?"

ఆ మాట అతనికి గుచ్చుకుంది. ఇంకేమీ అనకుండా పొరక తీసుకొని పైకెక్కినాడు. ఊడ్చినంత ఊడ్చినాడు. మేకుల చుట్టూ పాత గుడ్డ పేలికలు పెట్టి, వాటి మీద రంగు దట్టంగా మెత్తినాడు. తుప్పు కనిపించిన చోటల్లా దాని మీదే రంగు పూసేసినాడు. పొద్దు నడినెత్తికొచ్చి, రేకు పెనం మాదిరి కాలుతాంటే కూడా దిగలేదు. కింద అత్త చూస్తాందని అతనికి తెలుసు. డబ్బాలో మిగిలిన రంగును షెడ్డు ఇనుప గేటుకు పూసినాడు.

అయిపోయేసరికి షెడ్డు రోడ్డు మీద పోయేవాళ్లందరికీ తెల్లగా మెరిసిపోతా కనిపించింది. ఇలియాస్ రోడ్డవతల నిలబడి ఫోటోలు తీసి జుబైల్‌లోని స్నేహితులకు పంపించినాడు. లోపల ఉక్క కొంచెం తగ్గిందని కుట్టుపని ఆడవాళ్లు అన్నారు. హజరాబీ బాగుందనీ అనలేదు, బాగలేదనీ అనలేదు.

ఆగస్టులో పులివెందుల నుంచి మాధవి అనే ఆమె వచ్చింది. అక్కడ ఒక ఆడపిల్లల హాస్టలుకు వార్డెను. పిల్లలందరికీ కొత్త పరుపులు కావాలంది. హజరాబీ షెడ్డుకు అంత పెద్ద బేరం అంతకుముందెప్పుడూ రాలేదు. తల్లీకూతుళ్లు పొద్దున లేచినప్పటినుంచీ దూది ఏకుతానే ఉన్నారు. ఫాయిజా మిషను దగ్గర, ముక్కుకు గుడ్డ కట్టుకొని, వెంట్రుకలూ కనుబొమ్మలూ తెల్లబడిపోయి.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం చిన్న జల్లు పడింది. మరుసటి రోజు ఎండ కాసి గాలి లేచినప్పుడు, కుడుతున్న పరుపు మీద చూరు సందులోంచి తెల్లటి పెళుసు ముక్క ఒకటి వచ్చి పడింది, విరిగిన అప్పడం మాదిరి. హజరాబీ బయటికొచ్చి పైకి చూసింది. రేకుల మీద రంగు ఉబ్బి, పగిలి, అంచుల దగ్గర పైకి లేచి గాలికి కొట్టుకుంటాంది. కొన్ని పొరలు ఊడి రోడ్డు మీద దొర్లుతాండాయి. ఎదురు టీ బంకు దగ్గర లారీ డ్రైవరొకడు, "ఏమ్మా, షెడ్డు కుబుసం విడుస్తాంది?" అని నవ్వినాడు.

ఆమె గోనెసంచి తీసుకొని రోడ్డు మీదవీ, కాలవలోవీ ముక్కలన్నీ ఏరింది. ఇంటికి పోయి, సంగటి తింటున్న ఇలియాస్ ముందర సంచి బోర్లించింది. ముక్కలు కంచంలో కూడా పడినాయి.

"నంచుకో. నీ జుబైలు రంగు."

ఇలియాస్ ఒక ముక్క తీసి వేళ్ల మధ్య నలిపినాడు. "కడగనియ్యలేదు నువ్వు," అన్నాడు.

"ఊళ్లో ఎంతమంది రేకులు కడిగి రంగు వేస్తాండారు? నువ్వు తిన్నరు పోసి రంగు పల్చగా చేసినావు. మిగిలిన డబ్బాలు యాడ అమ్ముకున్నావో ఏమో."

"అమ్మా!" అని ఫాయిజా అరిచింది.

ఇలియాస్ కంచం తోసేసి లేచిపోయినాడు.

రంగు ఒక్కటే ఊడిపోయి ఉంటే పాత కష్టమే మిగిలేది. కానీ ఆ పొర ఊడేటప్పుడు మేకుల చుట్టూ అతికించిన పేలికల్ని కూడా లాక్కొనిపోయింది. పాత తుప్పూ, పాత మట్టీ కలిసి ఇన్నాళ్లూ ఎట్లో మూసిపెట్టిన బొక్కలు తెరుచుకున్నాయి. సెప్టెంబరులో రెండు రోజులు విడవకుండా వాన పడితే, షెడ్డులో నిలబడేదానికి పొడి చోటు లేకపోయింది. కుట్టి పేర్చిన పరుపుల్లోకి నీళ్లు దిగినాయి. పైవి తీసి చూస్తే కిందివి ఇంకా ఎక్కువ తడిసినాయి. పట్టలు కప్పినారు, మూటలు ఈడ్చినారు. ఇలియాస్ కూడా వచ్చి ఒక మూటకు చెయ్యేస్తే, "నువ్వు తాకొద్దు," అని హజరాబీ అతని చెయ్యి విదిలించింది.

మాధవి వచ్చినప్పుడు పైపైన ఆరిన పరుపులు చూపించినారు. ఆమె ఒకదాని మీద అరచెయ్యి పెట్టి గట్టిగా నొక్కింది. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ముక్కిపోయిన వాసన వస్తాంది హజరమ్మా. లోపల తడి ఉండాది."

"ఎండలో వేస్తాం మేడం. మళ్లీ ఏకి కుడతాం. కొంచెం గడువియ్యి."

"పిల్లోళ్లకు దద్దుర్లు లేస్తే వాళ్ల అమ్మానాయనలకు నువ్వు చెప్తావా, నేను చెప్పాల్నా?" అని మాధవి చెప్పులేసుకుంది. గేటు దగ్గర ఆగి షెడ్డు పైకి చూసి, "ఇట్లాంటి కప్పు కింద పెట్టుకొని బేరం ఎట్ల ఒప్పుకున్నావమ్మా?" అని పోయింది.

ఆ మాటతో హజరాబీకి ఒళ్లంతా మండింది. ఆ పొద్దే టీ బంకు దగ్గర, కూరగాయల అంగడి దగ్గర, నీళ్ల ట్యాంకరు దగ్గర, ఎవరు కనిపిస్తే వాళ్లకు చెప్పింది. అల్లుడు రంగులో తిన్నరు పోసి, మిగిలింది అమ్ముకున్నాడని. చెప్పిన కొద్దీ అది ఆమెకే నిజమనిపించింది. రెండు రోజులకు ఇలియాస్ టీ తాగేదానికి పోతే ఎవరో, "ఏం ఇలియాస్ భాయ్, టీలో కూడా తిన్నరు కలపమంటావా?" అన్నారు. గ్లాసు నేలకేసి కొట్టి, అక్కణ్ణుంచే ప్రొద్దుటూరు బస్సెక్కినాడు.

ప్రొద్దుటూరులో అతను రంగు కొన్న అంగడి యశ్వంత్‌ది. ఇలియాస్ లోపలికి పోతానే గల్లా బల్ల మీద చెయ్యేసి కొట్టినాడు.

"నకిలీ మాలు అంటగట్టినావు. నా పరువు తీసినావు."

అంగట్లో జనం తిరిగి చూసినారు. యశ్వంత్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టినాడు.

"దేనికి వేసినావు?"

"షెడ్డు రేకులకు."

"జింకు రేకులా?"

"జింకు రేకులే."

"ప్రైమర్ వేసినావా?"

ఇలియాస్ బల్ల మీది చెయ్యి తీసేసినాడు.

"నువ్వు వచ్చిన రోజు నాకు బాగ గుర్తుండాది. దేనికప్పా అని అడిగితే, 'జుబైల్లో చేసినోడిని, నువ్వు నాకు నేర్పించే పనిలేదు, డబ్బాలు ఇయ్యి' అంటివి. అదే అంటివా, లేదా?" యశ్వంత్ గొంతు పెంచినాడు. "జుబైల్లో నువ్వు వేసింది వట్టి ఇనుముకు. ఇసుకతో కొట్టి, తెల్లగా తీసి, దాని మీద వేస్తారు. ఇది ఇనుము కాదు, ఇనుము మీద జింకు పూత. దాని మీద ఆయిలు పెయింటు నేరుగా వేస్తే లోలోపలే ఆ నూనే, జింకూ కలిసి సబ్బు మాదిరి అవుతాది. పైన చూస్తే నిగనిగలాడతాంటాది. కింద పట్టుండదు. తడి తగిలిందంటే పొరలు పొరలుగా లేస్తాది. జింకుకు వేరే ప్రైమర్ ఉండాది, అది పట్టుకున్నాకే రంగు. నా మాలును నకిలీ అంటావా? దిగు, అంగడి దిగు!"

ఇలియాస్ దిగినాడు. బస్టాండులో చాలాసేపు కూర్చున్నాడు. యశ్వంత్ చెప్పింది అబద్ధం కాదని అతనికి తెలుస్తానే ఉంది. జుబైల్‌లో ట్యాంకుల పక్కనే జింకు పూత నిచ్చెనలుండేవి. వాటికి రంగు వేసేది వేరే జట్టు. వాళ్లు ముందు ఏదో పల్చటి మందు పూసేవాళ్లు. ఎందుకని అతను ఎప్పుడూ అడగలేదు.

ఇంటికొచ్చి మాత్రం, "అంగడోడు ఒప్పుకున్నాడు. నకిలీ మాలేనంట," అని చెప్పినాడు.

అట్ల చెప్తే అత్త నోరు మూతపడుతుందనుకున్నాడు. ఆమె మరుసటి రోజు పొద్దున్నే కొంగు దోపుకొని, ఫాయిజాను వెంటబెట్టుకొని ప్రొద్దుటూరు బయల్దేరింది, అంగడోడి సంగతి తేల్చేదానికి. ఇలియాస్ నిద్రలేచేసరికి ఇంట్లో ఎవరూ లేరు.

యశ్వంత్‌కు రెండో రోజు కూడా అదే నిందతో మనుషులు రావడంతో కోపం ఆగలేదు. ముందు రోజు జరిగినదంతా ఒక్క ముక్క వదలకుండా చెప్పినాడు. "నీ అల్లుడు తెలియక చేసినాడమ్మా, అది తప్పు కాదు. తెలిసినాక కూడా నన్ను దొంగను చేసినాడే, అది తప్పు," అన్నాడు.

తిరుగు బస్సులో హజరాబీ ముఖం వెలిగిపోతాంది. ఫాయిజా కిటికీలోంచి బయటికే చూస్తాంది.

"ఇంటికి పోయి ఏమీ అనొద్దు మా," అన్నది చివరికి.

"నేనేమంటా?" అన్నది హజరాబీ.

బస్సు దిగుతానే అన్న అలీ అహ్మద్‌ను పిలిపించింది. కుట్టుపని ఆడవాళ్లను పోవద్దని ఆపింది. షెడ్డు వాకిట్లో అందరి ఎదుటా ఇలియాస్‌ను నిలబెట్టి మొదలుపెట్టింది.

"ఏమప్పా ఇలియాసూ, నకిలీ మాలంట కదా? జింకుకూ ఇనుముకూ తేడా తెలియని మేస్త్రీవి, అంగడోణ్ణి దొంగ అంటివే! నీ తెలివితక్కువతనానికి నా బేరం పాయ, నా పేరు పాయ. సిగ్గుండాదా నీకు?"

ఇలియాస్ ముఖం నల్లబడింది. గేటు దగ్గరికి పోయి దాన్ని చేత్తో చరిచినాడు.

"నాకు తెలియలేదు. అబద్ధం చెప్పినా. అది నిజం. మరి నేను తిన్నరు పోసినానని ఊరంతా చెప్తివే? ఈ గేటుకు వేసింది కూడా అదే డబ్బాలో రంగు. ఇది వట్టి ఇనుము. రా, గీకు. ఊడుతాదేమో చూడు."

హజరాబీ కదల్లేదు. అలీ అహ్మద్ లేచి, జేబులోంచి తాళంచెవి తీసి గేటు మీద గట్టిగా గీసినాడు. సన్నటి గీత పడింది తప్ప పెచ్చు లేవలేదు. ఇంకోచోట గీసినాడు. అక్కడా అంతే.

"రంగు చిక్కగానే ఉండాది చెల్లెమ్మా," అన్నాడు.

ఇలియాస్ నేల మీది ముక్కనొకటి తీసి వెనక్కి తిప్పి ఆమె కళ్ల ముందర పెట్టినాడు. వెనక పక్క బూడిదరంగు దుమ్ము అంటుకొని ఉంది. "ఇది సిమెంటు. దీని మీద ఏ రంగు వేసినా ఆగదు. బిందెడు నీళ్లు ఇయ్యనంటివి."

"కడిగినా ఊడేదే! అంగడోడు చెప్పినాడు."

"ప్రైమర్ వేసినా ఊడేదే! దుమ్ము మీద వేస్తే!"

ఇద్దరూ ఒకేసారి అరుస్తాంటే ఎవరేమంటున్నారో తెలియకుండా పోయింది. అంతలో మిషను పక్కన బండ మీద పెద్ద శబ్దమైంది. ఫాయిజా మిషను బెల్టు ఊడదీసి నేలకేసి కొట్టింది.

"చాలా? అయిపోయిందా ఇద్దరికీ? నా కండ్లలో, ముక్కులో, రొమ్ములో ఈ దూదే. నేను ఏకిందంతా నీళ్లపాలైంది. మీలో ఒక్కరన్నా ఆ మాట అన్నారా? మా, నువ్వు బంకు దగ్గరికి పోయి తిన్నరు మాట అబద్ధమని చెప్పు. " మొగుని వైపు తిరిగి, "నువ్వు పోయి ఆ అంగడోడికి తప్పయిందని చెప్పు. అంతవరకూ నేను ఈ మిషను ముట్టను. ఇంట్లో కుండ కూడా ముట్టను."

ఎవరూ యాడికీ పోలేదు. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు. రాత్రికి అక్కడే ఆగిపోయిన అలీ అహ్మద్ బజ్జీలు తెచ్చి పెడితే ముగ్గురూ మూడు మూలల్లో కూర్చొని తిన్నారు.

తెల్లారినాక ఇలియాస్ గీకుడు కత్తీ, ఇనుప బ్రష్షూ తీసుకొని రేకుల మీదికెక్కినాడు. మిగిలిన రంగంతా గీకి తీసేస్తే తప్ప కొత్తది వేసే వీలులేదు. హజరాబీ షెడ్డు లోపల తడి దూది పిండి ఆరబెడుతూ, పైన గీకుడు చప్పుడు వింటా ఉంది. చప్పుడు ఆమె తల మీదికొచ్చింది. ఒక్కసారిగా ఫెళ్లుమంది.

రేకు చిరిగి, ఇలియాస్ కుడికాలు తొడ దాకా కిందికి దిగింది. తను మే నెలలో తుప్పు మీద రంగు పూసి కప్పేసిన చోటే అది. పైనుంచి చూస్తే రంగు ఇంకా అక్కడ తెల్లగానే ఉంది. చిరిగిన రేకు అంచు తొడలోకి దిగబడింది. అతను కదిలితే ఇంకా దిగుతుంది. నెత్తురు కారి హజరాబీ ఆరబెట్టిన దూది మీద పడింది.

"కదలొద్దు!" అని ఆమె అరిచింది. "ఫాయిజా! అన్నా! నిచ్చెన!"

పక్కన పరుపుల దొంతర ఉంటే దాన్ని ఒంటరిగానే ఈడ్చి, దాని మీదికెక్కింది. అతని పాదం ఆమె భుజాల ఎత్తుకు వచ్చింది. వంగి దాన్ని భుజం మీద పెట్టుకొని, రెండు చేతులా మడమ పట్టుకొని లేచి నిలబడింది. అతని బరువు ఆమె మీదికి వచ్చింది. కాళ్ల కింద దొంతర కుంగింది.

"బరువు నా మీద వెయ్యి. రేకు మీద వెయ్యొద్దు."

"నువ్వు పడిపోతావ్ అత్తా."

"నోరు మూసుకో. ఒక్క పని సక్కగా చెయ్యనియ్యవు. పైకి తేలు, తేలు కొంచెం... గాడిద బరువున్నావు. మేపింది నా కూతురే కదా."

ఫాయిజా, అలీ అహ్మద్ బయటినుంచి నిచ్చెనెక్కి రేకుల మీద అడ్డంగా పలక వేసి, అతని చంకల కింద చేతులు పెట్టి లాగేదాకా ఆమె తిడుతూనే నిలబడింది. కాలు పైకి పోయినాక దొంతర మీదనే కూలబడింది. భుజమంతా నెత్తురు.

సర్కారు ఆసుపత్రిలో కుట్లు వేసినారు. హజరాబీ వరండాలో కూర్చుంది గానీ లోపలికి పోలేదు. ఫాయిజా బయటికొస్తే, "టీటీ సూది వేసినారా? తుప్పు రేకు," అని మాత్రం అడిగింది.

ఆ సాయంత్రం ఇంటికి పోయే దారిలో ఆమె టీ బంకు ముందర ఆగింది. నలుగురూ వినేటట్లే అన్నది.

"తిన్నరు సంగతి నేను ఊరికే అన్నా. వాడు దొంగ కాదు. తెలివి లేనోడు, అంతే."

ఇలియాస్ నడవగలిగినాక కుంటుకుంటా ప్రొద్దుటూరు పోయినాడు. యశ్వంత్ కూర్చోమనలేదు, కోపపడనూ లేదు. అతను చెప్పిందంతా విని, "ఈసారి అడిగి కొంటాండావు," అని జింకు ప్రైమర్ డబ్బాలు బల్ల మీద పెట్టినాడు.

వానలు వెనకబట్టినాక పని మొదలైంది. కుళ్లిన రేకులు మార్చినారు. మిగిలినవాటిని ఇలియాస్, అలీ అహ్మద్ కలిసి బ్రష్షుతో రుద్ది కడిగినారు. ట్యాంకరు నీళ్లు హజరాబీనే బిందెలతో పైకి అందించింది. పొద్దున చల్లపూటే ప్రైమర్, అది బాగా ఆరినాక రంగు. పని అయిపోయిన వారానికే ఇలియాస్ ఫాయిజాను తీసుకొని ప్రొద్దుటూరులో బాడుగ ఇంటికి మారినాడు. "ఇంకొక్క రోజు ఈ ఇంట్లో ఉంటే నేను జైలుకన్నా పోతా, ఆమె గోరీలోకన్నా పోతాది," అన్నాడు. ఫాయిజా అడ్డు చెప్పలేదు. హజరాబీ వాకిలి దాకా కూడా రాలేదు.

మాధవి మళ్లీ రాలేదు. హాస్టలు పరుపులు వేరే అంగడికి పోయినాయి.

ఫాయిజా మాత్రం రోజూ పొద్దున బస్సెక్కి షెడ్డుకు వస్తాంది, సాయంత్రం పోతాంది. ఇలియాస్ ప్రొద్దుటూరు చుట్టుపక్కల రేకుల పనులు పట్టుకున్నాడు. అత్తా అల్లుళ్ల మధ్య మాటల్లేవు. రంజాన్ పండగ నాడు వచ్చి, తిని, చెయ్యి కడుక్కొని పోయినాడు. పెట్టింది ఆమే, తిన్నది అతనే, ఇద్దరూ గోడకేసి చూసినారు.

మరుసటి ఏడు వానలు గట్టిగా పడినాయి. ఒక మధ్యాన్నం రేకుల మీద వాన మోత మోగుతాంటే హజరాబీ షెడ్డంతా తిరిగింది. మూలలు చూసింది, దూది మూటల కింద చెయ్యి పెట్టి చూసింది. ఎక్కడా చుక్క లేదు.

మిషను ఆపి ఫాయిజా తల్లి వంక చూసింది. "ఎట్లుండాది మా?"

"బాగనే ఉండాది లే," అన్నది హజరాబీ. "నీ మొగునికి చెప్పొద్దు," అని దూది ముందుకు తోసింది.